చెక్కనేల దాసుడు

నల్గొండ జిల్లాలో హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న కట్టంగూర్ వంటి ఊళ్ల నుంచి అమెరికా చేరి, అక్కడ సొంత ఇల్లు కొనుక్కున్న సాఫ్ట్‌వేరు గృహస్థులలో ‘చెక్కనేల దాసుడు’ అనదగిన తెగ ఒకటి ఉన్నది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పొరక ముట్టిన పాపాన పోనివాడు, తల్లి షాబాదు బండలు ఊకుతుంటే మంచం మీదికి కాళ్లెత్తి పెట్టుకోవడమే తాను చేయగల సాయమని నమ్మినవాడు, అమెరికాలో శనివారం తెల్లవారగానే వాక్యూమ్ క్లీనరుతో హాల్లో ప్రత్యక్షమవుతాడు. పొరకకు వాడుక పుస్తకం లేదు, యంత్రానికి ఉన్నది. అందువల్ల ఊకుడు ఆడవాళ్ల పనిగా, వాక్యూమింగ్ సాంకేతిక విద్యగా అతని లెక్కలో వేరుపడ్డాయి.

అతడు కొలిచే దైవం హార్డ్‌వుడ్, అంటే ఓక్, మేపుల్ వంటి వెడల్పాకు చెట్ల కలపను పలకలుగా కోసి పరచిన నేల. ఆ పేరు చెట్టు జాతిని చెప్పేదే గాని గట్టిదనానికి హామీ కాదు. బెండులా తేలిపోయే బాల్సా సైతం వృక్షశాస్త్రం ప్రకారం హార్డ్‌వుడ్డే. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి దాసునికి కంటిమీద కునుకు లేదు. పలకల మీద సాధారణంగా పాలీయురెథేన్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్, ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ మానంలో 7వ మెట్టున ఉన్నది గనుక, ఒక్క రేణువు చక్రం కింద చిక్కినా ఆ పూత మీద గీత పడుతుంది. అందుకే అతడు మొదట యంత్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, సంతలో ఎద్దు పళ్లు చూసే రైతులాగా చక్రాలను పరీక్షిస్తాడు. తివాచీలోని దుమ్మును కొట్టి లేపడానికి గిర్రున తిరిగే బ్రష్‌రోల్ చెక్కను గీయడమే కాక రేణువులను ఎగజిమ్ముతుంది కాబట్టి దాన్ని ఆపి, మెత్తని కుచ్చు ఉన్న మూతిని తగిలించి, పలకల వాటం వెంబడి నడుపుతాడు. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ రూపొందించిన వాక్యూమ్ యంత్రం గుర్రపుబండి మీద వీధిలోనే నిలిచి, కిటికీల గుండా గొట్టాలను మాత్రమే లోపలికి పంపేది. చక్రం గడప దాటని ఆ కాలమే దాసుని దృష్టిలో కృతయుగం.

ఆరు నెలలు ఉండి పోదామని తల్లి వచ్చినప్పుడు సిద్ధాంత ఘర్షణ తప్పదు. ఆమె శాస్త్రంలో నేల అంటే నీళ్లు కుమ్మరించి కడిగేది. అతని శాస్త్రంలో సందుల్లోకి నీరు దిగితే చెక్క ఉబ్బి పలకల అంచులు లేస్తాయి కనుక గట్టిగా పిండిన బట్టకు తప్ప ప్రవేశం లేదు, ఆవిరి మాపుకు అసలే లేదు. బకెట్టు గరాజుకు వెళ్లిపోతుంది. ఆమె వాదించదు. పని ముగించి దాసుడు టీకప్పుతో సోఫాలో వాలిన వేళ, వట్టి కాళ్లతో హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచి, గోడవార ఆగి, “బిడ్డా, ఈడ ఇంకా ఇసుక తాకుతున్నదిరా” అంటుంది. అతడు గబుక్కున లేచి, కప్పును నేల మీద పెట్టబోయి, అపచారం గుర్తుకొచ్చి, దాన్ని తల్లి చేతికిచ్చి మోకాళ్ల మీద వంగుతాడు.