దొర దెయ్యానికి ఏసీ గది

ఒకప్పుడు దెయ్యం ఉందంటే ఇంటి అద్దె తగ్గేది. ఇప్పుడు గది అద్దె పెరుగుతోంది. పాత బంగళాకు వెల్ల వేసి, పందిరిమంచం తెచ్చి వేసి, అర్ధరాత్రి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుందని నాలుగు చెవుల్లో వేస్తే చాలు, అది బొటీక్ హోటల్ అయిపోతుంది. చప్పుడు చేసింది ఎలుకే కావచ్చు, బిల్లు మాత్రం ఆత్మ పేరున పడుతుంది.

ఈ గిరాకీ చూశాక నాకూ ఓ వ్యాపారం తోచింది. మలేసియాలో, సెలంగోర్ రాష్ట్రంలో బటాంగ్ బెర్జుంటై అనే ఊరుంది. ఒకప్పుడు చుట్టూ రబ్బరు తోటలు, తగరం గనులు ఉన్న ఊరు. 1985లో ప్రపంచ మార్కెట్లో తగరం ధర కుప్పకూలింది. గనులు పోయి గుంటలు మిగిలాయి. రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది. 2007లో ఊరి పేరు కూడా పోయి బెస్తారి జయ అయింది. నీళ్లు నిలిచిన గుంటలు, పట్టపగలే చీకటి కమ్మే తోటలు, పేరు పోయినా పాత పేరుతోనే బతుకుతున్న ఊరు. దెయ్యాల హోటలుకు ఇంతకన్నా మంచి స్థలం ఎక్కడ దొరుకుతుంది?

దొరకనిదల్లా దెయ్యమే. అదేమిటి, అక్కడ చచ్చినవాళ్లు లేరా అంటారేమో. లెక్కలేనంత మంది ఉన్నారు. కానీ హోటలుకు పనికొచ్చే దెయ్యానికి కొన్ని అర్హతలుండాలి. ఆ అర్హతలేమిటో తెలియాలంటే ముందు బజారులో ఉన్న సరుకు చూడాలి.

రాజస్థాన్‌లోని కోటాలో బ్రిజ్‌రాజ్ భవన్ ఉంది. బ్రిటిష్ రెసిడెన్సీగా మొదలై హోటలైన భవనం. 1857 తిరుగుబాటులో మేజర్ బర్టన్‌నూ అతని ఇద్దరు కొడుకులనూ అక్కడే చంపారు. మేజరుగారి ఆత్మ ఇప్పటికీ అక్కడ తిరుగుతుందట. అతిథుల జోలికి రాదట. రాత్రి కాపలాదారు కునుకు తీస్తే మాత్రం చెంప ఛెళ్లుమనిపిస్తుందట! చచ్చి నూట అరవై ఏళ్లు దాటినా తెల్లదొర నల్లవాడి హాజరు చూస్తూనే ఉన్నాడు. ఆ చెంపదెబ్బ కథ వినడానికి మనం డబ్బిచ్చి మరీ వెళుతున్నాం. ముస్సోరీలోని సవాయ్ హోటలుదీ ఇదే బాణీ. 1911లో అక్కడ విషప్రయోగంతో చనిపోయిన ఓ ఆంగ్ల మహిళ ఇప్పటికీ వరండాల్లో పచార్లు చేస్తోందని చెబుతారు.

మలేసియాకే వద్దాం. పెరాక్ రాష్ట్రంలో బాటు గాజా దగ్గర కెల్లీ కోట ఉంది. అది హోటలు కాదు గానీ దెయ్యాల పేరు చెప్పి జనాన్ని రప్పించడంలో హోటళ్లకే పాఠం చెప్పగలదు. విలియం కెల్లీ స్మిత్ అనే స్కాట్లండ్ దొర రబ్బరు మీద గడించి, 1915లో భార్య కోసం ఈ మేడ మొదలుపెట్టాడు. మద్రాసు నుంచి పనివాళ్లను రప్పించాడు. దేశంలోనే మొదటి లిఫ్టు పెట్టాలనుకున్నాడు. మధ్యలో స్పానిష్ ఫ్లూ వచ్చి పనివాళ్లను మింగేసింది. బతికినవాళ్లు అమ్మవారికి గుడి కట్టించమని వేడుకుంటే కట్టించాడు. కృతజ్ఞతగా వాళ్లు గుడి పైకప్పు మీద దేవతల మధ్యన దొరగారి బొమ్మ కూడా నిలబెట్టారు. 1926లో దొర లిస్బన్‌లో న్యుమోనియాతో పోయాడు. మేడ పూర్తికాలేదు.

చచ్చింది పోర్చుగల్‌లో. అయినా ఆత్మ మాత్రం సముద్రాలు దాటి వచ్చి బాటు గాజా మేడ మీద పచార్లు చేస్తోందని చెబుతారు. సరిగ్గా అక్కడే, రాళ్లు మోస్తూ, ఫ్లూతో మూలుగుతూ పోయిన మద్రాసు కూలీకి మాత్రం ఆ వరండాలోకి ప్రవేశం లేదు. బతికుండగా లేదు, చచ్చాకా లేదు.

అర్హతలు తేలాయి కదా. దెయ్యానికి ఇంటిపేరు ఇంగ్లీషులో ఉండాలి. తిరగడానికి వరండా, దిగడానికి మెట్లు, గోడకు తైలవర్ణ చిత్రం ఉండాలి. ఊళ్లో పుట్టిన మలయ్ దెయ్యం పొంతియానక్ ఎంత భయపెట్టినా అరటిచెట్టుతోనే సరిపెట్టుకోవాలి.

ఈ కొలతలతో చూస్తే మా బటాంగ్ బెర్జుంటై అభ్యర్థులంతా తప్పినట్టే. తోటల్లోకి కంగాణీలనే మేస్త్రీలు పట్టుకొచ్చిన తమిళులున్నారు, విశాఖ, గోదావరి వైపు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లున్నారు. 1938లో భారత ప్రభుత్వం ఆపేదాకా ఆ ఓడలు నడిచాయి. కొత్తగా అడవి కొట్టిన తోటల్లో మలేరియా మనుషుల్ని ఎంతగా తిన్నదంటే, ఇదే సెలంగోర్‌లో మాల్కమ్ వాట్సన్ అనే డాక్టరు 1901 నుంచి దోమల మీద యుద్ధమే చేయాల్సి వచ్చింది. డాక్టరు పేరు చరిత్రలో ఉంది. జ్వరంతో పోయినవాళ్ల పేర్లు ఏ హోటలు గోడ మీద రాస్తారు?

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం మలయా తోటల కూలీలను సయాం, బర్మాల మధ్య వేస్తున్న మరణ రైలుమార్గానికి తోలుకుపోయింది. 415 కిలోమీటర్ల పట్టాలు. అక్కడ పోయిన బ్రిటిష్, డచ్, ఆస్ట్రేలియా యుద్ధ ఖైదీలకు థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో వరసలుగా సమాధులున్నాయి, పేర్లున్నాయి, పచ్చిక కోసే మనుషులున్నారు. అంతకు ఎన్నో రెట్లు పోయిన ఆసియా కూలీలను గోతుల్లో కప్పెట్టారు. పేరులేని దెయ్యాన్ని ఏ బ్రోచరులో వేయాలి?

అయినా ఆశ చావక, తోట కూలీల వరస ఇళ్ల పేరున హోటల్లో ఒక ‘కూలీ లైన్ సూట్’ పెడదామనుకున్నాను. పక్కింటికీ మనకూ ఒకే గోడ. తెల్లవారకముందే గంట కొట్టి లేపుతారు. హాజరు పిలుస్తారు. అతిథి దీపం పట్టుకుని రబ్బరు చెట్లు గీసి పాలు పట్టాలి. సాయంత్రం కూలీలో బియ్యం అప్పు కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు. పక్కా అనుభూతి, కల్తీ లేదు. ఎవరైనా బుక్ చేసుకుంటారా? చేసుకోరు. మనకు భయం కావాలి గానీ చెమట అక్కర్లేదు.

పైగా ఆ లైన్లు నిలిచి ఉంటేగా! బటాంగ్ బెర్జుంటై చుట్టుపక్కల మేరీ, నైజెల్ గార్డనర్, బుకిట్ తగార్, సుంగై తింగి, మిన్యాక్ అని ఐదు తోటలున్నాయి. అభివృద్ధి పేరుతో భూములు చేతులు మారినప్పుడు పనివాళ్లకు ఇళ్లు ఇస్తామన్నారు. ఆ మాట పట్టుకుని కుటుంబాలు ఇరవై ఏళ్లకు పైగా ఎదురుచూశాయి. ఈలోపు బుకిట్ తగార్‌లో కౌలాలంపూర్ చెత్త పోయడానికి శాస్త్రీయమైన డంపింగ్ యార్డు తయారైంది. అంటే నగరం చెత్తకు శాశ్వత నివాసం దొరికింది. మూడు తరాలు చెట్టు గీసినవాళ్లకు మాత్రం పత్రాలు, వాయిదాలు, ఎన్నికల నాటి కరచాలనాలు దొరికాయి. బతికుండగానే అధికారుల కంటికి కనిపించకుండా పోయే విద్య వీళ్లకు తెలిసినంతగా ఏ దెయ్యానికీ తెలియదు.

అది మలేసియా సంగతి, మనకెందుకు అనకండి. తెలంగాణలో దొరల గడీలు ఇంకా ఉన్నాయి. వెట్టివాళ్ల చేత కట్టించిన గోడలవి. కడవెండిలో 1946 జూలై 4న, దొరల పెత్తనాన్ని ఎదిరించిన దొడ్డి కొమరయ్య నేలకొరిగింది దేశ్‌ముఖ్ గడీ ముందే. రేపు ఏ గడీనైనా బొటీక్ హోటలుగా మారిస్తే అందులో ‘దొరసాని సూట్’ తప్పకుండా ఉంటుంది. కొమరయ్య పేరున ఏమైనా ఉంటుందా? ఉంటే గింటే వాకిట్లో కారు నిలిపే చోటుకు పెడతారేమో. మనం ఆ దొరసాని మంచం మీద కూర్చుని ఫొటో దిగి, ‘అబ్బ, ఏం దర్జా’ అని రాసుకుంటాం. మన తాతను ఆ గుమ్మం బయటే ఆపేశారన్న సంగతి మంచం మెత్తదనంలో గుర్తుకు రాదు.

కాబట్టి నా హోటల్ ప్రయత్నం విరమించుకున్నాను. బటాంగ్ బెర్జుంటైలో దెయ్యాలకు కొదవ లేదు, దెయ్యమయ్యేంత హోదా ఉన్నవాళ్లకే కొదవ. వారసత్వం అని మనం డబ్బిచ్చి కొంటున్నది యజమాని జ్ఞాపకాన్ని మాత్రమే. దాన్ని కట్టినవాళ్లను ఊడ్చేశాకే ఆ గదికి తాళంచెవి మన చేతికి వస్తోంది.

మీరు దెయ్యాల హోటలుకు వెళ్లొద్దని నేననను, సరదా మీ ఇష్టం. కానీ కౌంటరు దగ్గర ‘ఏ గదిలో దెయ్యం ఉంది’ అని అడిగే ముందు, ‘ఈ గోడ ఎవరు కట్టారు, వాళ్ల మనవలు ఎక్కడ ఉంటున్నారు’ అని అడగండి. జవాబు రాకపోతే గది అద్దెలో సగం తగ్గించమనండి, ఎందుకంటే వాళ్లు మీకు సగం కథే అమ్ముతున్నారు.