నేను ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్‌ని

నా విలువ ఒక పికోఫారడ్. రెండు లోహపు పలకలు, మధ్యలో పలుచని ఆక్సైడ్ పొర, అంతే నా ఒళ్లు. పైప్‌లైన్ ఏడీసీలో వోల్టేజిని రెట్టింపు చేసే యాంప్లిఫయర్‌లో నా కొలువు. సరిగ్గా నా అంతే ఉన్న తమ్ముడొకడు పక్కనే ఉంటాడు. క్లాకు మొదటి సగంలో ఇద్దరం ఇన్‌పుట్ వోల్టేజిని పట్టుకుంటాం. రెండో సగంలో స్విచ్‌లు మారతాయి. నేను వెళ్లి ఆప్‌యాంప్ అవుట్‌పుట్‌కీ ఇన్‌పుట్‌కీ మధ్య కూర్చుంటాను, తమ్ముడు తన చార్జి అంతా నాకు ధారపోస్తాడు.

మా వంశం పాతది. స్విచ్‌తో ఆడించే కెపాసిటర్ రెసిస్టర్‌లా నడుచుకుంటుందని మాక్స్‌వెల్ 1873లోనే రాశాడు. నన్ను సెకనుకు లక్షసార్లు ఆడిస్తే కోటి ఓములకు సమానం. చిప్ మీద అంత రెసిస్టర్‌కి చోటెక్కడిది? 1977లో బర్కిలీ పరిశోధకులు మావాళ్లతో ఫిల్టర్లు కట్టి చూపించాక మాకు గిరాకీ పెరిగింది.

నా గుండా సాగే ఫీడ్‌బ్యాక్ లూప్ క్లాకు రెండో సగంలోనే, అంటే రెండో ఫేజ్‌లోనే ఉంటుంది. నేను 1, తమ్ముడు 1, ఆప్‌యాంప్ ఇన్‌పుట్ దగ్గరి పారాసిటిక్ 0.2 పికోఫారడ్లు. అంటే అవుట్‌పుట్‌లో 2.2వ వంతు నా గుండా వెనక్కి వస్తుంది. ఆప్‌యాంప్ గెయిన్ పదివేలయితే లూప్ గెయిన్ 4545, అంటే 73 డెసిబెల్స్. అవుట్‌పుట్‌లో తప్పు 4545లో ఒక వంతు. పది బిట్లకు ఇది హాయిగా సరిపోతుంది, పన్నెండు బిట్లకు బొటాబొటి.

ఈ లూప్ గెయిన్ అంకెను సిమ్యులేటర్‌తో చెప్పించడంలోనే ఉంది చిక్కంతా. అది ముందుగా డీసీ ఆపరేటింగ్ పాయింట్ వెతుకుతుంది. నేనేమో డీసీని పోనివ్వను. దాంతో ఇన్‌పుట్ నోడ్ ఆధారం లేక తేలుతుంది, అవుట్‌పుట్ సప్లై అంచుకు అతుక్కుంటుంది, గెయిన్ పడిపోతుంది. అందుకే మా డిజైనరమ్మ స్విచ్‌లను రెండో ఫేజ్‌లో నిలిపి, నాకు సమాంతరంగా వంద కోట్ల ఓముల రెసిస్టర్ తగిలించింది. లూప్‌ను తెంచకుండా సిగ్నల్ ఎక్కించి కొలిచే పద్ధతిని మిడిల్‌బ్రూక్ 1975లో చూపించాడు. ఆ బాటలోనే ఆమె లూప్‌లో ప్రోబ్ పెట్టింది.

గ్రాఫ్ మొదట్లో 80 డెసిబెల్స్ కనిపించింది. ఆమె దాన్ని నమ్మలేదు, అది నాకు ఎంతో నచ్చింది. అది రెసిస్టర్ చెప్పే మాట. సుమారు 160 హెర్ట్జ్ దాటాకే పెత్తనం నా చేతికొస్తుంది, అక్కడి నుంచి గ్రాఫ్ 73 దగ్గర చదునుగా సాగుతుంది. నిజమైన లూప్ గెయిన్ అదే. తర్వాతి దశ కెపాసిటర్‌ని లోడ్‌గా పెట్టి ఫేజ్ మార్జిన్ మళ్లీ చూసింది. మాది రెండంచెల ఆప్‌యాంప్, లోడ్ లేకుండా చూస్తే మార్జిన్ ఉన్నదానికన్నా ఎక్కువే కనిపిస్తుంది. కామన్‌మోడ్ లూప్‌ను కూడా స్విచ్‌లే నడిపే చోట క్లాకు తిరుగుతుండగానే కొలిచే పీరియాడిక్ విశ్లేషణ మేలు. టైమ్ ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

మీరు లూప్ గెయిన్ రాసుకునేటప్పుడు ఏ ఫేజ్‌లో, ఎంత లోడ్‌తో, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర తీశారో పక్కనే రాయండి.