బామ్మర్దికి లైసెన్సొచ్చింది

ఒకప్పుడు మా మక్తల్‌కు బొంబాయి నుంచి వచ్చినోణ్ని దూరం నుంచే గుర్తుపట్టేటోళ్లం. చేతికి గడియారం, భుజాన రేడియో, మాటకు ముందొక "అరే యార్". తర్వాత దుబాయి పోయొచ్చినోళ్లు మొదలైన్రు. మనిషి మలుపు తిరగకముందే సెంటు వాసన వచ్చేది. వాళ్లతోని ఎవరికీ నష్టం లేకుండె. ముసలోళ్లకు తలనొప్పి నూనె, పిల్లలకు చాక్లెట్లు పంచి, సెలవు అయిపోంగనే పోయేటోళ్లు. ఇప్పుడొచ్చేటోళ్లు వేరే రకం. వీళ్లు సామాన్లు తేరు, రూల్స్ తెస్తరు. అందులో గూడ, పరదేశంలో మొదటి మోటార్ సైకిల్ కొని, అక్కడి లైసెన్సు జేబులో పెట్టుకొని దిగేటోడు ఉన్నడు చూడండి, వాడితోని ఏగడం కష్టం. మీ ఇంట్లో గూడ ఒకడు ఉండే ఉంటడు. మా ఇంట్లో ఉన్నోడు మా బామ్మర్ది.

వీడి పూర్వచరిత్ర ఊరందరికీ తెలుసు. ఎనిమిదో తరగతిలోనే వాళ్ల నాయన టీవీఎస్ ఎక్సెల్ మీద పాల క్యాన్లు ఏసుకొని తిరిగేటోడు. కాలు కిందికి అందదు గనక ఎవరి అరుగో చూసుకొని దాని పక్కకు ఆపేటోడు. ఇంటర్‌కు వచ్చేసరికి నా స్ప్లెండర్ వాడిదైంది. పెట్రోలు, రిపేర్లు మాత్రం నా దగ్గరే ఉండిపోయినయి. ముగ్గురెక్కితే ఇంకొకరికి జాగ ఉన్నదని లెక్క. సంగంబండ రిజర్వాయర్ దిక్కు పోయినప్పుడల్లా హ్యాండిల్ ఇడిచిపెట్టి నడిపేటోడు. లైసెన్సు తీసుకోరాదురా అంటే, "బండిని నేను నడుపుతున్న గని లైసెన్సు నడుపుతదా బావా?" అని మమ్మల్నే నవ్వేటోడు. మా మామ "మెల్లగ పో బిడ్డా" అని చెప్పని రోజు లేదు. వీడు విన్న రోజు గూడ లేదు.

2022 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీ చదువుకని ఇంగ్లండులోని లెస్టర్‌కు పోయిండు. చదువుతోపాటు గోదాంలో రాత్రి డ్యూటీ. ఆ వేళకు బస్సులుండవు, బండి కొంటనన్నడు. కొనుక్కోరా, నడపడం నీకు కొత్తనా అన్నం. కొత్తనే అని తర్వాత తెలిసింది.

అక్కడ బండెక్కాలంటే ముందు 34 పౌండ్లు కట్టి ప్రొవిజనల్ లైసెన్సు తీసుకోవాలె. ఆ మీద సీబీటీ అనే శిక్షణ. 1990 నుంచి అది లేకుండా కొత్తోళ్లెవర్నీ రోడ్డెక్కనియ్యరు. మా వాడికి చెప్పిన ముసలాయన మొదలు 20 మీటర్ల దూరంలో ఉన్న నంబరు ప్లేటు చదివించిండట. కండ్లు మంచిగనే ఉన్నయని తేలినంక, "ఇది క్లచ్చు, ఇది బ్రేకు" అని మొదలుపెట్టిండట. పాల క్యాన్లతోని గతుకుల్లో నడిపినోడు "తెలుసు" అనబోతే, చూపించు అన్నడట. ఈయన హుషారుగా బండి చాలు చేసి, వెనక్కి చూడకుండానే కదిలిండు. ఆపి, దింపి, మళ్ల "ఇది క్లచ్చు" కాడికి తీసుకొచ్చిన్రు. కన్నతండ్రి పదేండ్లు చెప్తే వినని మాట, ఆరెంజి జాకెట్ తొడుక్కున్న ఆ ముసలాయన ఒక్క పూటలో వినిపించిండు. మా మామకు ఈ సంగతి ఇప్పటికీ మింగుడు పడదు.

రోడ్డు మీద రెండు గంటలు నడిపించి సాయంత్రానికి చీటీ ఇచ్చిన్రు. ఆ చీటీ రెండేండ్లే చెల్లుతది. దాంతోని 125 సీసీ దాటిన బండి ముట్టొద్దు, మోటార్‌వే ఎక్కొద్దు, వెనుక ఎవర్నీ కూచోబెట్టుకోవద్దు. బండికి ముందొకటి, వెనుకొకటి తెల్ల పలకల మీద ఎర్రగా 'ఎల్' అని కట్టుకొని తిరగాలె. ఆ ఫొటో వాట్సాప్‌లో పెట్టంగనే మా అత్తమ్మ ఊరంతా చూపించింది. "ఎల్ అంటె లండనేనా?" అని ఎవరో అడిగితే, "అవు, గవర్మెంటోళ్లే ఇస్తరట" అన్నది.

బండి కేటీఎం 125 డ్యూక్, సెకండ్ హ్యాండు, రెండు వేల పౌండ్లకు పైనే. అత్తమ్మ వేళ్ల మీద లెక్కేసి, "రెండు లక్షలా! గా పైసలకు ఈడ రెండు కొత్త బండ్లొస్తుండె గదరా" అని గుండె పట్టుకున్నది. ఇన్సూరెన్సు సంగతి ఆమెకు ఇంతవరకు చెప్పలేదు, మీరు గూడ చెప్పకండి. ఇంకో తమాషా ఏందంటే, ఆ చిన్న డ్యూకులు తయారయ్యేది పుణె పక్కన చాకన్‌లో, బజాజ్ ఫ్యాక్టరీలో. మా వీధి మేస్త్రీ ఏండ్ల తరబడి పుణెలో గోడలు కట్టొచ్చిన మనిషి. ఫొటో చూసి, "మేం గూడ పోయినం గదా పుణెకు, మమ్మల్ని ఎవరూ లండన్ పంపలేదు" అన్నడు.

ఇంతటితో ఆగితే వాడు మా బామ్మర్ది ఎట్లయితడు? పూర్తి లైసెన్సు కావాలన్నడు. ఎందుకంటే బుల్లెట్ కొనాలట. రాయల్ ఎన్‌ఫీల్డ్ మొదటి మోటార్ సైకిల్ 1901లో ఆ దేశంలోనే, రెడ్డిచ్‌లో పుట్టింది. ఇప్పుడు చెన్నై నుంచి ఓడెక్కి అక్కడికే పోతుంది. మద్రాసు బండి నడపడానికి దొరల పరీక్ష రాయాలని వీడి పట్టుదల.

థియరీ పరీక్షలో 50 ప్రశ్నలకు 43 రావాలె. అవి బట్టీ పట్టిండు, వచ్చినయి. రెండో సగంలో తట్టుకున్నడు. రోడ్డు మీది 14 వీడియోలు చూపిస్తరు, ఎక్కడ ప్రమాదం ముంచుకొస్తున్నదో అక్కడ మౌస్ నొక్కాలె. మక్తల్‌లో బండి నేర్చిన కన్నుకు ఏది ప్రమాదం కాదు? లైట్లేని ట్రాక్టర్లు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, గొర్లమంద, చూడకుండా అడ్డమొచ్చే సెవెన్ సీటర్ ఆటో, ఇవన్నీ చూసినోడు. అక్కడ తీరుబడిగా నడుచుకుంట పోతున్న ముసలామె కనపడితే నొక్కిండు. కుక్కను పట్టుకున్న పిల్ల కనపడితే నొక్కిండు. ఆగి ఉన్న కారుకు నొక్కిండు, చెట్టుకు గూడ నొక్కిండేమో. అట్ల ఊకె నొక్కితే కంప్యూటర్ మోసమనుకొని ఆ వీడియోకు సున్నా వేస్తది. 75కు 44 రావాల్సిన కాడ వీడికి వచ్చిన మార్కులు నాకొక్కడికే చెప్పిండు. నేను ఎవరికీ చెప్పలేదు, వాళ్ల అక్కకు తప్ప.

అది ఎట్లనో గట్టెక్కినంక, బండి నడిపే పరీక్షలో మాడ్యూల్ వన్. గంటకు 50 కిలోమీటర్ల వేగంతోని వచ్చి, చెయ్యెత్తంగనే బండి ఆపాలె. ఈయన ఆపలేదు. బర్రె అడ్డమొచ్చినప్పుడు మనం ఏం చేస్తం? చెయ్యెత్తినాయన పక్క నుంచి సక్కగ తప్పించుకొని పోయిండట! బ్రేకులున్నయని యాదికి రాలేదంటడు. ఇంకోసారి పైసలు కట్టి పాసైండు. మాడ్యూల్ టూలో పరీక్ష పెట్టేటాయన వెనుక ఇంకో బండి మీద వస్తూ చెవిలో రేడియోతోని దారి చెప్తడు. అది మాత్రం మొదటిసారికే అయింది. వెనుక కూచొని దారి చెప్పే మా ఇంట్లామెను మూడేండ్లు తిప్పినోడికి అదేం పెద్ద పని?

2023 డిసెంబర్‌లో, పడమటి ఆంజనేయస్వామి జాతరకని దిగిండు. అసలు పరీక్ష మాకు అప్పుడు మొదలైంది. సంచిలోంచి మొదలు చాక్లెట్లు తీస్తడనుకుంటే టైర్ల గాడి కొలిచే పుల్ల తీసిండు. నా స్ప్లెండర్ చుట్టూ తిరిగి చైను వదులైందన్నడు, ఇండికేటర్ చచ్చిందన్నడు, అద్దాలేవన్నడు. అద్దాలు విప్పి అటక మీద పెట్టి చాలా ఏండ్లయింది. మడిగెల సందులో అవి తగులుతయి.

ఇంట్లో అందరికీ హెల్మెట్లు తెప్పిస్తనన్నడు. తాత ఒప్పుకోలేదు. "సర్దార్జీలు పాగా చుడితె టోపీ అక్కర్లేదని లండనోళ్లే చట్టం చేసిన్రని నువ్వే చెప్తివి గదరా" అని రుమాలు గట్టిగ బిగించి చుట్టుకున్నడు. నిజమే, ఆ చట్టం 1976లో వచ్చింది. ఫోన్లో గొప్పకు చెప్పిన ముచ్చట మెడకు చుట్టుకుంటదని వీడనుకోలేదు.

ఒకరోజు పెట్రోలు పోయించుకొద్దాం పద బావా అన్నడు. కృష్ణా బ్రిడ్జి దాటితే కర్ణాటక. అప్పుడు అక్కడ పెట్రోలు లీటరుకు ఐదు రూపాయలకు పైనే అగ్గువ ఉండె. వాడు ముందు, నేను వెనుక, ఇద్దరికీ హెల్మెట్లు. మమ్మల్ని చూసి పాన్ డబ్బా కాడ ఇద్దరు లేచి నిలబడిన్రు, పోలీసులనుకొని. 167 నంబరు జాతీయ రహదారి ఎక్కినంక ముందొక వడ్ల లారీ తగిలింది. లారీ వెనుక "హారన్ ప్లీజ్" అని ఇంతింత అక్షరాలున్నయి. వీడు కొట్టడు. "అక్కడ ఊకె హారన్ కొడితె తిట్టినట్లు బావా, రాత్రి పదకొండున్నర దాటితె ఊర్లల్ల నేరం గూడ" అంటడు. ఇది పొద్దున పదింటి ముచ్చట, ఆ లారీ ఆయన రాసుకొని మరీ అడుగుతున్నడు! పోనీ లారీకి దగ్గర పో అంటే, ముందున్న బండికీ మనకూ రెండు సెకండ్ల దూరం ఉండాలట. ఆ దూరంలోకి ఒక ఆటో దూరింది. వీడు మళ్ల రెండు సెకండ్లు వెనక్కి తగ్గిండు. అందులోకి ట్రాక్టర్ వచ్చింది. తగ్గిండు. ఇద్దరు పిలగాండ్లు ఒక బండి మీద, వాళ్ల వెనుక గ్యాస్ సిలిండర్లు కట్టుకున్న ఇంకొకడు. తగ్గిండు, తగ్గిండు. మాగనూరు ముందుకు వస్తున్నదో మేం మక్తల్‌కు వెనక్కి పోతున్నమో నాకు అర్థం కాలేదు. పైగా అడుగడుక్కు భుజం మీది నుంచి వెనక్కి చూస్తడు, చూసినప్పుడల్లా వాడి హెల్మెట్ నా హెల్మెట్‌కు టంగుమని తగులుతది. మిగిలించిన పెట్రోలు పైసలు ఆ తొవ్వలోనే కాలిపోయినయి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలె. మలుపు కాడ ఒక కుర్రోడు చూడకుండా రోడ్డెక్కిండు. మా బండి ఊగలేదు, జారలేదు, ఉన్నకాడ నిలబడ్డది. పాత బామ్మర్ది అయితే వాడి పక్క నుంచి తప్పించేటోడు, అటు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు కిందికి. ఆ మాట వాడితోని అనలేదు. అంటే ఇంకో గంట చెప్తడు.

ఇంటికొచ్చి చాయ తాగి, నా తప్పులు నాకు సాక్ష్యంతోని చూపిస్తనని ఫోన్లో ఈ-చలానా తీసి నా బండి నంబరు కొట్టిండు. పెండింగ్ చలానాల వరుస వచ్చింది. మొదటి ఫొటో పెద్దగ చేసిండు. పాలమూరు కొత్త బస్టాండు కాడ నా స్ప్లెండర్, దాని మీద ముగ్గురు, ఎవ్వరికీ హెల్మెట్ లేదు. నడిపేది వాడే. రెండో ఫొటో, వాడే. మూడో దాంట్లో కెమెరా దిక్కు చెయ్యి గూడ ఊపుతున్నడు. అన్నీ 2022 ఎండాకాలం నాటివి. నా బండి నంబరు గనక పేరు మాత్రం నాది. మా ఇంట్లామె ఫోన్ గుంజుకొని వాళ్లమ్మకు చూపించింది, వాళ్లమ్మ తాతకు చూపించింది.

"ఇన్నొద్దులు ఎందుకు కట్టలేదు బావా?" అని నా మీదనే పడ్డడు. 2022 మార్చిలో సర్కారు పాత చలానాలకు టూవీలర్లకు 75 శాతం తగ్గించింది. మళ్ల తగ్గిస్తదని ఆగిన, అన్న. వాడు లేచి నిలబడి, జరిమానాలకు ఆఫర్లుండే దేశం బాగుపడదని ఉపన్యాసమిచ్చి, వాడి వంతువన్నీ నయాపైసతో సహా అక్కడికక్కడే కట్టిండు. నావి హెల్మెట్ లేనివి నాలుగు మిగిలినయి. వాటిని గూడ కడతనంటే వద్దన్న.

వారం తిరగలేదు. డిసెంబర్ 26 నుంచి టూవీలర్ల చలానాలకు 80 శాతం రాయితీ వచ్చింది. నావన్నీ అయిదో వంతు పైసలతోని తీర్చుకొని, రశీదు ఫొటో వాడికి పంపిన. అప్పటికి వాడు శంషాబాద్‌లో విమానం కోసం కూచున్నడు. వెంటనే జవాబొచ్చింది: "అద్దాలు బిగించినవా బావా? ఫొటో పెట్టు."