బండలు మావి, గుంతలూ మావే

మా బేతంచెర్లలో గృహప్రవేశానికి పిలిస్తే గోడల రంగు బాగుందనీ, సీలింగు బాగుందనీ అంటే చాలదు. తల వంచి కిందికి చూడాలి. “అబ్బ, బండలు భలే కుదిరినాయప్పా!” అనాలి. అప్పుడే ఇంటాయన మొహం వెలుగుతుంది, కాఫీ వస్తుంది. నిజానికి అబద్ధం ఆడాల్సిన పని కూడా ఉండదు. పాలిష్ పట్టిన బండ మీద మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. నీళ్లు ఒలికితే మేస్త్రీ పెట్టిన వాటం పట్టుకుని నేరుగా తూములోకి పోతాయి. ఎక్కడైనా అర అంగుళం ఎత్తుపల్లం వచ్చిందా, మేస్త్రీని పిలిపించి, బండ లేపించి, మళ్లీ వేయించేదాకా మావాళ్లకు నిద్ర పట్టదు.

అదే మనిషి గడప దాటి కారెక్కి, అడుగు లోతు గుంతలో దిగి, అవతలి పక్క తేలి, “ఈ రోడ్డు పర్వాలేదులే” అంటాడు.

దక్షిణాదిలో ఎన్నో ఇళ్ల నేలలను నున్నగా చేసి పంపే ఊరు మాది. ఆ నునుపు ఊరు దాటించే లారీలే మా రోడ్డును గరుకు చేసి పోతాయి. అంటే మేము ఎగుమతి చేసేది బండలొక్కటే అనుకోకండి, చదును కూడా. ఇక్కడ మిగిలేది తుక్కు.

బండల లోడులో ఒక మాయ ఉంది. గడ్డి లారీ ఎదురొస్తే ఆకాశం కనపడదు. చూసినవాళ్లంతా ఓవర్‌లోడని తిడతారు, కాటా వేస్తే పెద్ద బరువేమీ ఉండదు. బండల లారీ అట్లా కాదు. బండలను పద్ధతిగా నిలబెట్టి, సందుల్లో గడ్డి కుక్కి, బాడీ సగం కూడా నిండనట్టు చాలా వినయంగా పోతుంటుంది. ఆ రాయి ఘనపు మీటరు రెండున్నర టన్నుల పైమాట. వినయమంతా పైన, బరువంతా టైర్ల కింద.

ఆ బరువు రోడ్డును ఏం చేస్తుందో అమెరికావాళ్లు కోట్ల డాలర్లు పోసి కనుక్కున్నారు. ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఒట్టావా అనే ఊరి దగ్గర 1958 నుంచి 1960 దాకా రకరకాల రోడ్లు వేసి, వాటి మీద లారీలను పనిగట్టుకుని తిప్పి తిప్పి, రోడ్లు ఎప్పుడు చస్తాయా అని కనిపెట్టుకుని కూర్చున్నారు. తేలిందేమంటే, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే చేటు సుమారు 16 రెట్లవుతుంది. మన దగ్గర చట్టం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000 జరిమానా. అదే సవరణలో 198ఎ అని ఇంకో సెక్షనూ చేరింది. రోడ్డు ప్రమాణాల ప్రకారం వేయక, అందువల్ల మనిషి చనిపోయినా వికలాంగుడైనా బాధ్యులకు లక్ష దాకా జరిమానా. చదివి సంతోషించాను. మళ్లీ చదివితే అది మనుషులకే తప్ప కారు లోయర్ ఆర్ములకు వర్తించదని అర్థమైంది.

మా మెకానిక్ భాయ్‌కి ఈ సెక్షన్లతో పని లేదు. కారు షెడ్డులోకి రాకముందే, వీధి మలుపులో వినిపించే చప్పుడును బట్టి జబ్బు చెప్తాడు.

“ఎడమపక్క బుష్ పోయింది సామీ.”

“పోయినసారి మార్చినాం కద భాయ్?”

“అది కుడిపక్కది. దానికి జత కావాల గదా.”

కారును జాకీ మీద లేపి, నన్ను కూడా కింద పడుకోమని పిలుస్తాడు. నమ్మకం లేకపోతే నువ్వే చూసుకో అన్నట్టు. పడుకుని చూస్తే అదొక లోకం. బాల్ జాయింట్ రబ్బరు చిరిగి గ్రీజు బయటికొచ్చి, దానికి ఊరి దుమ్మంతా అంటుకుని గట్టిపడి ఉంటుంది. షాకబ్జర్ ఒకటి నూనె కారుస్తుంటుంది. బుష్‌ను భాయ్ స్క్రూడ్రైవరుతో తట్టగానే నోరు తెరుస్తుంది. ఆయిల్ చాంబరు పొట్ట మీద మాత్రం ఒకదాని పక్కన ఒకటి గీతలు. వాటిని వేలితో తడిమి, ఇది పలానా బడి ముందరిది, ఇది పలానా గుడి ముందరిది అని ఏ స్పీడ్‌ బ్రేకర్ గీసిందో చెప్పగలడు. చెప్పి, కొడుకు చదువు గురించి మాట్లాడతాడు. ఆ కొడుకు కాలేజీ ఫీజులో నా కారు వాటా తక్కువేం కాదని నా అనుమానం.

స్పీడ్‌ బ్రేకర్లంటే గుర్తొచ్చింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని 1934లో పుట్టిన సంస్థ ఒకటుంది. రోడ్డుకు సంబంధించి అది కొలత చెప్పని వస్తువు లేదు. స్పీడ్‌ బ్రేకర్ గుండ్రంగా ఉండాలి, వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు మించకూడదు, ముందుగా బోర్డు పెట్టాలి, రంగు వేయాలి అని రాసి పెట్టింది. పాటిస్తే, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో మెత్తగా ఎక్కి దిగొచ్చు. మా వైపు వెడల్పూ ఎత్తూ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒక బండి ఎవరినో గుద్దితే, తెల్లారేసరికి ఆ వీధివాళ్లు మిగిలిన సిమెంటుతోనో, ఇంటి ముందు పడున్న బండ ముక్కలతోనో అడ్డకట్ట ఒకటి లేపుతారు. బాధలో కట్టినది కాబట్టి కొలత ఎవరూ అడగలేరు. చిన్న కార్లకు కింద ఖాళీ 160, 170 మిల్లీమీటర్లు. అందులో నలుగురు కూర్చుంటే ఎంత మిగులుతుందో కూర్చున్నవాళ్లను బట్టి ఉంటుంది. మా బావమరిది వస్తే నేను ప్రతి కట్ట దగ్గరా ఆపి దింపి, అవతల ఎక్కించుకుంటాను. ఆయన దీన్ని అవమానంగా భావించి ఇప్పుడు రైలుకు వస్తున్నాడు.

రోడ్డు కారును కింది నుంచి కొడుతుంది. పక్కల నుంచి కొట్టే పని మనుషులు చూసుకుంటారు. షేర్ ఆటో అన్నకు ఇండికేటరు ఎడమ కాలు. చెప్పు వేసిన పాదం బయటికొస్తే ఎడమకు తిరుగుతాడని కొత్తవాళ్లు అనుకుంటారు. ఎండకు కాలు బయట పెట్టి ఉండొచ్చు, ప్యాసింజరును పిలుస్తుండొచ్చు, ఊరికే కూడా ఉండొచ్చు. రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ నిండా బండలతో చీకట్లో కలిసిపోయి ఉంటుంది. ఎదురుగా వచ్చేవాడు హైబీమ్ దించడు. మనం లైటు డిమ్ము డిప్పు కొడితే, తనకు నమస్కారం పెట్టామనుకుని ఇంకో రెండు లైట్లు వెలిగిస్తాడు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కేసీ కాలువ కింద నాట్లు మొదలైతే ఇంకో ముచ్చట. మడిలో దమ్ము చేసిన ఇనుప చక్రాలను విప్పడానికి బద్ధకమై, ట్రాక్టరును అట్లాగే తారు మీద నడిపించుకుని పోయేవాళ్లున్నారు. అది పోయిన తోవంతా రోడ్డు మీద పళ్ల గాట్లు. అసలే అటువైపు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది, పైనున్న తారు అలలు తేలుతుంది. నల్లరేగడి మీద రోడ్డు వేసే ఇంజనీరును చూస్తే నాకు జాలే తప్ప కోపం రాదు. ఆ జాలి పొందడానికి అర్హత లేనివాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల గురించి భాయ్ షెడ్డులో మాట్లాడుకుందాం.

ఒకసారి నంద్యాల బజారులో, నిలబడి ఉన్న లారీకీ నా కారుకూ నడుమ మనిషి నడవడానికే సందు లేదు. అందులోంచి ముగ్గురెక్కిన బైకు దూరింది. బ్రేకు లివరు వెనక లైటు దగ్గర మొదలై ముందు డోరు దాకా ఒకే గీత, చెయ్యి వణక్కుండా గీసింది. పోతూ పోతూ హ్యాండిలు సైడు అద్దాన్ని ఊడగొట్టింది. నడుమ కూర్చున్న పిల్లోడు వెనక్కి తిరిగి చూశాడు. క్షమాపణ చెప్తాడేమో అనుకున్నాను.

“అద్దం మడ్సుకోని తోలాల అన్నా, మెయిన్ బజార్లో!” అన్నాడు.

సలహాగా చూస్తే తప్పు పట్టడానికి లేదు. అప్పట్నుంచీ అద్దాలు మడుచుకునే తోలుతున్నాను. వెనక ఎవరొస్తున్నారో తెలియదు. తెలిసినప్పుడూ ఒరిగిందేమీ లేదు కాబట్టి మనశ్శాంతిగా ఉంది.

పాణ్యం దగ్గర 40వ నెంబరు జాతీయ రహదారి ఎక్కితే కష్టం తీరుతుందనుకుంటారు. అక్కడే అసలు కష్టం. గతుకుల్లో అన్ని చప్పుళ్లూ కలిసిపోయి ఒకే మోతగా ఉంటాయి, దేన్నీ పట్టించుకోం. నున్నటి హైవే మీద ఒక్కొక్కటే ముందుకొచ్చి పరిచయం చేసుకుంటుంది. వీల్ బేరింగు సన్నగా ఊళ పెడుతుంది. డ్యాష్‌బోర్డు కిటకిటలాడుతుంది. స్టీరింగు వదిలితే కారు తనంతట తాను ఎడమకు, పొలాల్లోకి పోదామంటుంది. ఇంటావిడ “ఏందది చప్పుడు?” అంటే రేడియో పెంచడం తప్ప మార్గం లేదు. అందుకే మా ఊరి కార్లకు మంచి రోడ్డు పడదని నేననేది.

ప్రభుత్వాలు ఊరుకున్నాయని కాదు. 2024 నవంబరు 2న ముఖ్యమంత్రి అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో స్వయంగా పార పట్టి, గుంతలు లేని ఆంధ్రప్రదేశ్ అని మొదలుపెట్టారు. సంక్రాంతికల్లా పూడ్చాలన్నారు. మన గుంతకు పార్టీ లేదు, ఏ ప్రభుత్వమొచ్చినా వానాకాలానికి మళ్లీ విచ్చుకుంటుంది. నీళ్లు పగుళ్లలోంచి దిగి కింది పొరను మెత్తబరిస్తే, పై తారు ఎన్నాళ్లు నిలుస్తుంది? హైదరాబాదులో కట్నం గంగాధర తిలక్ అని రైల్వేలో రిటైరైన పెద్దాయన పెన్షను డబ్బులతో గుంతలు పూడ్చి రోడ్డు డాక్టరు అనిపించుకున్నాడు. మా వీధిలో ఆ వైద్యం మేమూ చేశాం. పాలిష్ యూనిట్ల తుక్కు తెచ్చి గుంతల్లో పోశాం. ఎండాకాలం బాగానే ఉంది. తొలి వానకు ఆ రాతిపిండి జారుడుబండయింది. వీధిలో మోటారు సైకిళ్లు వరసగా పడుకున్నాయి. గుంతే నయం, కనీసం నిలబెట్టి కొట్టేది అన్నారు జనం.

మా ఊరి పక్కన బిళ్లసర్గం గుహలున్నాయి. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు ఆ గుహల్లో పొరలు పొరలుగా తవ్వి జంతువుల ఎముకలు తీశారు. అందులో ఖడ్గమృగం ఒకటి. 1886లో లైడెకర్ అనే పండితుడు దానికి కర్నూలు పేరు కలిపి రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని నామకరణం చేశాడు. రేపెప్పుడో ఇంకో ఫుట్ దొర వచ్చి మా రోడ్డు తవ్వకపోడు. తారు, కంకర, బండ తుక్కు, మళ్లీ తారు, నడుమనడుమ వీల్ క్యాపులు, మడ్‌ఫ్లాపులు, నా నెంబరు ప్లేటు సగం. ఈసారి పేరు పెట్టేటప్పుడు నంద్యాలెన్సిస్ అని పెట్టాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా మారింది గదా.

చివరికి కారు అమ్మేద్దామనుకున్నాను. ఆళ్లగడ్డ నుంచి శిల్పాల పని చేసే పెద్దాయన ఒకరు చూడటానికొచ్చారు. ఆ పని చేసేవాళ్లు రాయిని ముందు తట్టి, ఆ నాదం విని, పనికొస్తుందో లేదో తేలుస్తారు. బోనెట్ ఎత్తమనలేదు, మీటరు చూడలేదు. వేలి కణుపుతో డోర్లు వరసగా తట్టుకుంటూ కారు చుట్టూ తిరిగారు. ఒక్కచోట ఆగి, చెవి దగ్గర పెట్టి, మళ్లీ తట్టారు.

“ఇది పలకదు సామీ. లోపలంతా లప్పమే.”

“అది బైకు గీత మాపడానికి పెట్టిచ్చిన లప్పం. ఇంజను మాత్రం బంగారం పెద్దాయనా. ధర మీరే చెప్పండి.”

ఆయన కారు కిందికి వంగి చూశారు. లేచి, చేతులు దులుపుకుని, మా వీధి రోడ్డు వైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు.

“ధర మీరే చెప్పండి సామీ, బేరమాడను. కారును మీరే ఆళ్లగడ్డ దాకా తోలుకోని రాండి. వచ్చి చేరితే, అడిగినంతా అక్కడే ఇస్తా.”