ఉద్దేశం లేని సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: హక్కులన్నీ అసలు ఓనర్లవే. కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు. వినోదం కోసమే. మిక్స్ బై డీజే ఫలానా, నాందేడ్.

అవతారిక: నాందేడ్ జిల్లాలో ల్యాప్‌టాప్ చేతికొచ్చిన ప్రతి కుర్రాడూ ఏదో ఒక రాత్రి డీజే అవుతాడు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగువాళ్లకి ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. కాబట్టి అమ్మమ్మ బతుకమ్మ పాటకి ఢోల్ తాషా తగిలించి, బరాత్‌లో కాళ్లు ఆడే వేగానికి తెచ్చి వదులుతాడు. దాని కింద పై సూత్రం పెడతాడు. ఇది గురుముఖతః నేర్చినది కాదు. ముందువాడి రీమిక్స్ కింద ఉన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసినది.

ప్రతిపదార్థం: హక్కులన్నీ: స్పష్టం. వినోదం: స్పష్టం. ఉద్దేశం లేదు: ఇక్కడ వ్యాఖ్యాత ఆగక తప్పదు. సివిల్ దావాలో ఉల్లంఘన జరిగిందని తేల్చడానికి ఉద్దేశంతో పనిలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో జైలు గురించి చెప్పే 63వ సెక్షన్ మాత్రం తెలిసి చేశాడా అని అడుగుతుంది. హక్కులు వేరేవాళ్లవని నాకు తెలుసు అని మన సూత్రకారుడు అడగకముందే రాసిచ్చాడు. కవచమనుకుని తొడుక్కున్నది వాంగ్మూలమైంది.

పూర్వపక్షం: బరాత్‌లో పాట వేస్తే తప్పు లేదని చట్టమే చెప్పింది కదా?

సమాధానం: చెప్పింది. 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపులో పాట వినిపించడాన్ని మినహాయించింది. ఆ పాటని కోసి, కుట్టి, కొత్త ఫైలు చేసి లోకానికి వదలడాన్ని మినహాయించలేదు. ముప్పై సెకన్ల లోపు వాడుకోవచ్చనే స్మృతివాక్యం ఏ సెక్షన్‌లోనూ లేదు.

విశేషం: మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిన పూనిన వ్యాఖ్యాత మల్లినాథ సూరిది మెదక్ సీమలోని కొల్చారం. అది మంజీర పారే నేల. ఆ మంజీర నాందేడ్‌కి దిగువన కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నదులే కలిశాక ట్రాకులు కలపొద్దని మనమెవరం? కలపడంలో మనకి ఆదిగురువు ఎర్రాప్రగ్గడ. నన్నయ భారతంలో అరణ్యపర్వాన్ని నడుమ వదిలి వెళ్లాడు. తిక్కన దాని జోలికి పోక విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఆ ఖాళీని ఎర్రన పూరించాడు. మొదలు నన్నయ శయ్య, పోనుపోను తిక్కన పోకడ. ఒకటి దిగి రెండోది ఎక్కేది ఏ పద్యం దగ్గరో చూపించమంటే పండితులు కూడా తడుముకుంటారు. డీజేలు క్రాస్‌ఫేడ్ అనేది దీన్నే. తీరా పూర్తిచేసి దాన్ని తన ప్రభువుకిచ్చాడా? దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి రాజరాజ నరేంద్రుడికే ఇచ్చాడు. తన పేరు పర్వం చివర చెప్పుకున్నాడు, అదీ నన్నయ తిక్కనల పేర్లు భక్తితో తలచుకుని. అసలు ఓనర్లకు నమస్కారం అని సరిపెట్టలేదు.

మిక్స్ బై: మన డీజే పేరు పల్లవికి ముందు ఒకసారి, చరణానికి ముందు ఒకసారి, బేస్ పడేచోట ప్రతిధ్వనితో పదేపదే వినిపిస్తుంది. ఎందుకయ్యా అంటే, ఎవరూ దొంగిలించకుండా అంటాడు. క్రాక్ చేసిన ఎఫ్ఎల్ స్టూడియోలో, ఇంకొకరి పాట మీద, దొంగల భయంతో వేసిన ముద్ర ఇది. అలంకారం విరోధాభాసం. ఆభాసం తీసేసినా నష్టం లేదు.

తాత్పర్యం: కొత్తవాడు నేర్చుకోవద్దని ఎవరంటారు? గొంతు వేరు, డప్పు వేరు చేసి మళ్లీ కలుపుతూ పోతేనే చెవి తయారవుతుంది. ఆ పని ఇంట్లో ఎన్నాళ్లైనా చేసుకోవచ్చు. బయటికి వదిలేటప్పుడే అడగాలి: రికార్డింగ్ ఎవరిదో వాళ్లని, సాహిత్యం, సంగీతం హక్కులున్నవాళ్లని. బతుకమ్మ పాట ఊరందరిదీ కావచ్చు. దాని రికార్డింగ్ మాత్రం విడుదలయ్యాక 60 ఏళ్ల పాటు హక్కుదారుదే. హక్కులున్న పాటని మళ్లీ పాడించుకుంటానంటే 31సి సెక్షన్ ఉంది. మొదటి రికార్డింగ్‌కి ఐదేళ్లు నిండాలి, ముందుగా నోటీసివ్వాలి, మామూలుగా ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ కట్టాలి. చదివితే ఆ సెక్షన్ రాసినవాళ్లు నాందేడ్ కుర్రాణ్ణి ఎన్నడూ చూడలేదని తెలిసిపోతుంది. అందుకు వాణ్ణి క్షమిస్తాను.

పేరు దగ్గరే క్షమించలేను. బరాత్ బుకింగ్‌కి ఫోన్ నంబరు పెట్టడానికి చోటుంది, లైటింగ్ వాడి పేరుకి చోటుంది, జనరేటర్ వాడికీ ఉంది. పాడినావిడ పేరుకి లేదు. ఆమె ఓనర్ కాదు. రికార్డింగ్ కంపెనీది, మిక్స్ డీజేది, ఆమె ఎవరి లెక్కలోనూ లేదు.

ఫలశ్రుతి: పై సూత్రాన్నే జపించువారికి యూట్యూబులో 90 రోజులలోపు మూడు స్ట్రైకులు పడి చానల్ ముక్తి కలుగు అవకాశము మెండు. ఈ టీక చదివినవారు పాడినవాళ్ల పేరు రాయుదురు గాక. తెలియకున్న కనుక్కొని రాయుదురు గాక. కనుక్కొను ఓపిక లేనివారు ఆ గొంతు జోలికి పోకుందురు గాక.