నీళ్ళు కాగే చోట చలి

మా రోజుల్లో స్నానం నీళ్ళు కాగే చోటికి చలి కాచుకోవడానికి వెళ్ళేవాళ్ళం. ధనుర్మాసం తెల్లవారుజామున పెరట్లో నీళ్ళపొయ్యి చుట్టూ ఇంటిల్లిపాదీ ముసురుకునేవారు. పళ్ళు తోముకోవడం అక్కడే, అన్నదమ్ముల తగువులూ అక్కడే. ఇప్పుడు హైదరాబాదులో మా అబ్బాయి ఫ్లాట్లో నీళ్ళు కాగే చోట నిలబడితే చలేస్తోంది. నిజం, ఒట్టు. బట్టలారేసుకునే బాల్కనీలో సగం తినేసి ఒక యంత్రం పెట్టించాడు. హీట్ పంపుట. దాని ముందుకెళితే మొహాన చల్లగాలి కొడుతుంది.

"వేణ్ణీళ్ళ మిషను చల్లగాలి వదలడమేమిట్రా?" అంటే, "ఫ్రిజ్‌ని తిరగేసినట్టు నాన్నా" అన్నాడు. ఫ్రిజ్ తన కడుపులో వేడి తీసి బయట పారేస్తుంది. ఇది బయటి గాలిలో వేడి లాక్కుని టాంకులో నీళ్ళకిస్తుంది. గొట్టాల్లో ఇట్టే ఆవిరయ్యే ద్రవం ఒకటి తిరుగుతూ ఉంటుంది. గాలి తగిలితే చాలు, ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కితే కాక పుడుతుంది, సైకిలుకి గాలి కొడుతుంటే పంపు అడుగున చురుక్కుమన్నట్టు. ఆ కాక నీళ్ళకి పోతుంది, వేడి పోగొట్టుకున్న గాలి నా మొహాన పడుతుంది.

లెక్క కూడా వేశాడు. వంద లీటర్లని 25 డిగ్రీల నుంచి 55కి తేవడానికి మామూలు గీజర్ సుమారు 3.5 యూనిట్లు కాలుస్తుంది. దీనికి ఒకటో, ఒకటింబావో చాలు. కరెంటు పని వేడి పుట్టించడం కాదు, ఉన్న వేడిని మోసుకురావడమేనట. పాత కేలండరు వెనక నేనూ వేసి చూశాను. తప్పు దొరకలేదు. అదే నా కడుపుమంట.

మాకు యూనిట్లెక్కడివి? కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు, పైన మసిపట్టిన రాగి కాగు. కాస్త కలిగాక రాగి బాయిలర్ వచ్చింది. నడుమ నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్ళు. పక్క గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తేగాని మూతిలోంచి చెంబుడు వేణ్ణీళ్ళు రావు. తోడుకున్నవాడు నింపాలి, రెండు చితుకులు ఎగదోసి మరీ కదలాలి. ఊదీ ఊదీ అమ్మ కళ్ళు ఎర్రబడేవి కదా అని అబ్బాయి పొడుస్తాడు. ఆ మాట నాకు సరిగ్గా వినపడదు.

ఆ తర్వాత బకెట్లో వేలాడేసే రాడ్డు. అది ఎందరికి షాకులిచ్చిందో! ఆ పైన గీజరొచ్చి పిల్లల్ని పాడుచేసింది. మీట నొక్కడం, ఆవిర్లు కమ్మేదాకా షవరు కింద పాటలు పాడటం.

హీట్ పంపు దగ్గర ఆ పప్పులుడకవు. మొదటివారం మనవడు అరగంట పాడాడు. నా వంతుకి మంచునీళ్ళు. "మళ్ళీ కాగడానికి మూడు గంటలు తాతయ్యా" అన్నాడు తల తుడుచుకుంటూ. లోపల తొందరకోసం కరెంటు రాడ్డు కూడా ఉంది, కానీ అది వేస్తే మిగిలిందంతా పోతుందని మావాడు తాకనివ్వడు. చలికాలం గాలి చల్లబడితే ఇంకాస్త నత్తనడక, కరెంటూ ఎక్కువే. చివరికి మనిషికింత వేళ, మనిషికింత కొలత అని స్నానాలగది తలుపుకి కాగితం అంటించాడు. చదివి పకపకా నవ్వాను. మా నాయనమ్మ కాగితం లేకుండానే నడిపిన చట్టమది. లక్షన్నర పోసి దాన్ని తిరిగి తెచ్చుకున్నారు!

ఇంకా ఉన్నాయి నా ఫిర్యాదులు. గుయ్యిమని మోత. కింద చుక్కచుక్కా కారే నీరు, గాలిలో తేమేనట. దాన్ని డబ్బాలో పట్టి కరివేపాకు మొక్కకి పోస్తున్నాను, పారబోయడానికి మనసొప్పక.

మే నెల వచ్చింది. గాలి వేడిగా ఉన్నప్పుడు తక్కువ కరెంటుతో పని అవుతుందని టైమరు మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. అది గుయ్యిమనగానే నా పడకకుర్చీ బాల్కనీలోకి లాక్కుంటాను. నిన్న కోడలు చూసింది.

"చల్లగా ఉందా మావయ్యగారూ?"

"నీళ్ళు కాగాయో లేదో చూస్తున్నానమ్మా" అన్నాను.