మా రోజుల్లో విలువంటే విలువే

ఏందిరా మనవడా, శివరాత్రి జాతరకని మేళ్లచెరువు వచ్చి, ఎడ్ల పందేలకు పోకుండా ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకొని కూర్చున్నావ్? టెర్రాఫామా? సర్వర్లను ఫైల్లో రాసి కట్టించే పనిముట్టేగా, తెలుసులే. ముప్పై ఏళ్లు కంప్యూటర్ల మధ్య బతికినోణ్ని.

మా రోజుల్లో సర్వరంటే ఇద్దరు మోసుకొచ్చే డబ్బా. దానికో పేరు, ఓ ఐపీ అడ్రస్. రెండూ అట్ట పుస్తకంలో నీలం సిరాతో ఉండేవి. మార్చాల్సొస్తే పాతది కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టేవాళ్లం. మీకిప్పుడు ఏ విలువా రాసినచోట నిలవదు. పేరు దానంతటదే పుట్టాలి, తేదీ దానంతటదే పడాలి.

ఏదీ, ఆ ఎర్ర అక్షరాలు చూపించు. వేరియబుల్ బ్లాకులో డిఫాల్ట్ ఎదురుగా ఇంకో వేరియబుల్ పేరు రాశావు. ఇక్కడ వేరియబుల్స్ వాడకూడదని అది మొహం మీదే చెప్పింది. మంచి పని చేసింది! అక్కడ ఫంక్షను పిలవడం కుదరదు, ఇంకో రిసోర్స్ పేరూ కుదరదు. టీఎఫ్‌వార్స్ ఫైల్లోనూ అంతే. ఈ కాలం వస్తువుల్లో నాకు నచ్చిన కట్టుబాటు ఇదొక్కటే.

ఎందుకో చెప్తా విను. మన ఊరి చుట్టూ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలేగా. ఒకదాంట్లో కాటా దగ్గర కూర్చున్నా కొన్నాళ్లు. లారీ లోపలికొచ్చేటప్పుడు ఖాళీ బండి తూకం మొదటి గడిలో, లోడుతో పోయేటప్పటి తూకం రెండో గడిలో, తీసివేసి తేల్చిన సరుకు బరువు మూడో గడిలో రాసేవాళ్లం. ఓ కుర్రాడు తొందరపడి, తేల్చిన అంకెను మొదటి గడిలో వేశాడు. గేటు అవతల లారీలు బారులు తీరాయి, డ్రైవర్ల తిట్లు నేను పడ్డా. బయటినుంచి వచ్చిన అంకె ఒక గడి, మనం కట్టిన లెక్క ఇంకో గడి. రెండూ కలిస్తే తప్పెక్కడుందో పట్టుకోలేం.

ఆ మూడో గడినే మీవాళ్లు లోకల్స్ అన్నారు. డిఫాల్ట్‌ను నల్ అని వదిలెయ్. లోకల్స్‌లో కోయలెస్ ఫంక్షన్ పెట్టు. ఎవరన్నా విలువ ఇస్తే అదే తీసుకుంటుంది, ఇవ్వకపోతే నువ్వు కట్టిన లెక్క తీసుకుంటుంది. రోజుకో విలువ కావాలంటే బయట షెల్‌లోనే తేల్చుకొని, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా లోపలికి పంపు.

ఇంకోటి. పేరులో టైమ్‌స్టాంప్ ఫంక్షన్ మాత్రం పెట్టకు. నడిపిన ప్రతిసారీ కొత్త సమయం చెబుతుంది. పేరు మార్చడానికి వీల్లేని రిసోర్స్ అయితే, నిక్షేపంగా నడుస్తున్నదాన్ని కూల్చి కొత్తది కడతానని ప్లాన్‌లో చూపిస్తుంది. చదవకుండా ఎస్ కొట్టేవాళ్లు మీలో ఎంతమందో! టైమ్ స్టాటిక్ అని ఒక రిసోర్స్ ఉంది, మొదటిసారి పడ్డ తేదీని స్టేట్ ఫైల్లో పట్టి ఉంచుతుంది. అదీ మా అట్ట పుస్తకం పద్ధతి.

టెర్రాఫామ్ 2014లో వచ్చిన కొత్తల్లో, లెక్క కట్టే ప్రతి పేరుకూ డాలర్ గుర్తు పెట్టి మీసాల బ్రాకెట్లలో రాయాల్సొచ్చేది. 2019లో 0.12 వెర్షన్‌తో ఆ శ్రమ తీసేశారు. నన్నడిగితే ఆ పాత పద్ధతే బాగుండేది. ఏది రాసిన విలువో, ఏది కట్టిన లెక్కో కంటికి ఇట్టే తెలిసేది.

మాలో తప్పుల్లేవా అంటే, ఉన్నాయి. పుస్తకంలో నేను ఏడును ఒకటిలా రాసిన పాపానికి రెండు మిషన్లకు ఒకటే ఐపీ పడి, తెల్లారేదాకా వైర్లు పీకి చూశాం. నీ టెర్రాఫామ్ అయితే అప్లై కొట్టినప్పుడే అరిచి చెప్పేదేమో. ఆ ఒక్క రాత్రి మాత్రం మీ పద్ధతే మేలనిపించి ఉండేది.

సరే, ఆ డిఫాల్ట్ చెరిపి నల్ అని పెట్టు. లోకల్స్‌లో రాసి ప్లాన్ కొట్టు. కూల్చేవి సున్నా అని వచ్చిందా? అప్లై చేసి, ప్లాన్ మళ్లీ ఒకసారి కొట్టు. ఈసారి మార్పేమీ లేదనాలి. అన్నదా? లే మరి, బండ లాగుడు మొదలైనట్టుంది, మైకు వినపడుతోంది.